అబ్బాయిల చదువు ఎన్నేళ్లు? ఏ దేశంలో ఎంత, మన దగ్గర ఎక్కడ ఆగుతోంది

ఈ ఏడాది ఒకటో తరగతిలో చేరిన అబ్బాయి మొత్తం మీద ఎన్నేళ్లు చదువుతాడు? దీనికి దేశాలవారీగా ఒక లెక్క ఉంది. ఐక్యరాజ్యసమితి అభివృద్ధి సంస్థ 2020లో ఇచ్చిన మానవాభివృద్ధి నివేదికలో అబ్బాయిలకు ఇలా ఉంది: శ్రీలంకలో 13.8 ఏళ్లు, నేపాల్‌లో 12.6, అఫ్ఘానిస్తాన్‌లో 12.5, భారత్‌లో 11.7, బంగ్లాదేశ్‌లో 11.2, పాకిస్తాన్‌లో 8.9. ఇవన్నీ 2019 నాటి అంకెలు. ఆ తర్వాత కొత్త నివేదికలు వచ్చాయి. అయినా పోల్చి చూడటానికి ఈ ఏడాదే నయం. కరోనాతో బళ్లు మూతపడకముందుది, కాబూల్‌లో ప్రభుత్వం మారకముందుది.

ఈ వరుస చూడగానే ఎవరికైనా ఒక అనుమానం వస్తుంది. నలభై ఏళ్లుగా యుద్ధంలో నలిగిన అఫ్ఘానిస్తాన్‌లో అబ్బాయిలు మన అబ్బాయిల కంటే ఎక్కువ చదువుతున్నారా? ఆ అనుమానం సరైనదే. దానికి జవాబు కావాలంటే ముందు ఈ అంకె ఎలా పుడుతుందో చూడాలి. కామర్స్ చదివినవాళ్లకు ఇది అలవాటే, బ్యాలెన్స్ షీటులో మొత్తం కంటే ముందు కింద ఉన్న వివరణలు చూస్తాం కదా.

లెక్క ఎలా వేస్తారు

దీన్ని 'ఆశించదగిన విద్యా సంవత్సరాలు' అంటారు. ఇది ఏ ఒక్క పిల్లాడి గురించీ చెప్పే జోస్యం కాదు. ఈ ఏడాది 6 ఏళ్ల పిల్లల్లో ఎంతమంది బడిలో ఉన్నారు, 7 ఏళ్లవాళ్లలో ఎంతమంది, 17 ఏళ్లవాళ్లలో ఎంతమంది, ఇలా ఒక్కో వయసుకు ఉన్న శాతాలన్నీ కూడతారు. అంతే. ఇవాళ్టి పరిస్థితి ఇలాగే ఉంటే ఇవాళ చేరిన పిల్లాడు ఇన్నేళ్లు చదువుతాడు అని దాని అర్థం.

ఉదాహరణకు ఒక ఊరు అనుకుందాం. అంకెలు లెక్క కోసమే, ఏ రాష్ట్రానివీ కావు. 6 నుంచి 13 ఏళ్ల అబ్బాయిలు నూటికి నూరు మందీ బడిలో ఉన్నారు. అది 8 ఏళ్లు. 14, 15 ఏళ్లవాళ్లు నూటికి 90 మంది ఉన్నారు, అది 1.8. 16, 17 ఏళ్లకు వచ్చేసరికి 60 మందే, అది 1.2. 18, 19, 20 ఏళ్లవాళ్లు 30 మంది చొప్పున, అది 0.9. మొత్తం 11.9 ఏళ్లు. ఇప్పుడు ఇదే ఊళ్లో ఇంటర్ వయసు అబ్బాయిలను 60 నుంచి 90కి తెస్తే చాలు, మొత్తం 12.5 అవుతుంది. చిన్న తరగతుల్లో ఇంకా కలపడానికి ఏమీ మిగల్లేదు. పెరిగేదైనా తగ్గేదైనా పై వయసులోనే. ఈ ఒక్క విషయం గుర్తుపెట్టుకుంటే మిగతా కథ అర్థమవుతుంది.

దీనికి తోడుగా ఇంకో అంకె ఉంటుంది. 25 ఏళ్లు దాటిన పెద్దవాళ్లు సగటున ఎన్నేళ్లు చదివారో చెప్పేది. మొదటిది కొడుకు లెక్క, రెండోది తండ్రి లెక్క అనుకోండి. ఈ రెండింటినీ కలిపి మానవాభివృద్ధి సూచికలో చదువుకు మార్కులు వేస్తారు. పాకిస్తాన్ ఆర్థికవేత్త మహబూబ్ ఉల్ హక్, మన అమర్త్య సేన్ కలిసి రూపం ఇచ్చిన ఈ సూచిక 1990లో మొదలైంది. అప్పట్లో చదువు కొలతకు పెద్దవాళ్ల అక్షరాస్యతను ముఖ్యంగా చూసేవారు, 2010 నుంచి ఈ రెండు అంకెలు వచ్చాయి. సూచిక కోసం మాత్రం పిల్లల చదువును 18 ఏళ్ల దగ్గర ఆపేస్తారు. పీజీ అయిపోయే దాకా అన్నమాట.

అంకె మోసం చేసే చోట్లు

ఇప్పుడు అఫ్ఘానిస్తాన్ సంగతి. ఈ లెక్కకు రెండు సరుకులు కావాలి. బడి రిజిస్టరులో పేర్లు, దేశంలో ఏ వయసు పిల్లలు ఎంతమంది ఉన్నారన్న జనాభా. అఫ్ఘానిస్తాన్‌లో చివరిసారి జనగణన మొదలైంది 1979లో, అదీ పూర్తి కాలేదు. కాబట్టి జనాభా మొత్తం అంచనాయే. ఇక రిజిస్టర్లలో బడికి రావడం మానేసిన పిల్లాడి పేరును మూడేళ్ల దాకా కొట్టేయకుండా ఉంచే పద్ధతి ఉండేది. పేరు ఉంది, పిల్లాడు లేడు. దాంతో 12.5 అనే అంకె కాగితం మీద బలంగా కనిపిస్తుంది. అదే నివేదికలో అఫ్ఘాన్ అమ్మాయిలకు 7.7 ఏళ్లే. ఆ తేడాను మాత్రం కాగితం కూడా దాచలేకపోయింది. 2021 తర్వాత అక్కడ ఆరో తరగతి దాటి అమ్మాయిలను రానివ్వడం లేదు, 2022 డిసెంబరులో యూనివర్సిటీలూ మూసేశారు. మహిళా టీచర్లను అబ్బాయిల బళ్ల నుంచి తీసేయడంతో అబ్బాయిల క్లాసులూ దెబ్బతిన్నాయి.

ఇంకో చిక్కు, ఒకే తరగతిలో రెండేళ్లు కూర్చున్నా ఈ లెక్కలో రెండేళ్లే. ఫెయిలైన ఏడాది కూడా చదివిన ఏడాదే.

ఆస్ట్రేలియాలో ఈ అంకె 20 దాటుతుంది. అక్కడ అబ్బాయిలు 26వ ఏట దాకా క్లాసులో కూర్చుంటారని కాదు. ఉద్యోగం చేసుకుంటూ పార్ట్‌టైమ్‌లో వృత్తి కోర్సులు చేసే పెద్దవాళ్లు అక్కడ చాలామంది, వాళ్లంతా ఇందులో కలుస్తారు. తుర్కియేది ఇలాంటిదే. 2012లో నిర్బంధ చదువును 12 ఏళ్లకు పెంచడం ఒక కారణమైతే, ఎస్కిషెహిర్‌లోని అనడోలు యూనివర్సిటీ నడిపే దూరవిద్యలో లక్షల మంది నమోదై ఉండటం ఇంకో కారణం.

ఖతర్ లెక్క మనకు దగ్గరది. అక్కడ అమ్మాయిల కంటే అబ్బాయిల అంకె రెండేళ్లకు పైగా తక్కువ. ఖతరీ అమ్మాయిలు యూనివర్సిటీల్లో ముందున్న మాట నిజమే. కానీ కథ అంతే కాదు. కరీంనగర్ నుంచో, నిజామాబాద్ నుంచో, కడప నుంచో 20, 21 ఏళ్లకు దోహా వెళ్లి పనిలో చేరిన కుర్రాడు ఆ దేశ జనాభాలో కలుస్తాడు. కాలేజీ రిజిస్టరులో ఉండడు. అలాంటి లక్షల మంది కుర్రాళ్లు భాగహారంలో కింద చేరితే అంకె పడిపోకుండా ఎలా ఉంటుంది? అంటే ఖతర్ అబ్బాయిల చదువు లెక్కను తగ్గించినవాళ్లలో మనవాళ్లూ ఉన్నారు. వాళ్ల చదువు ఆగింది మాత్రం ఖతర్‌లో కాదు, ఇక్కడ.

అన్నిటికంటే పెద్ద లోపం ఏంటంటే, బడిలో కూర్చున్న ఏళ్లు ఇందులో తెలుస్తాయి గానీ నేర్చుకున్నది తెలియదు. అందుకే ప్రపంచ బ్యాంకు నేర్చుకున్నదాన్ని బట్టి ఏళ్లను కుదించి ఇంకో లెక్క వేస్తుంది. అందులో 18 ఏళ్ల వయసు దాకానే చూస్తారు. 2020లో అబ్బాయిలు, అమ్మాయిలు కలిపి భారత్‌కు 11.1 ఏళ్లు వచ్చాయి, నేర్చుకున్నది చూస్తే 7.1 ఏళ్లే తేలింది. శ్రీలంక 13.2 నుంచి 8.5కి, పాకిస్తాన్ 9.4 నుంచి 5.1కి దిగాయి. సింగపూర్‌కు పెద్ద తేడా రాలేదు, 13.9 కాస్తా 12.8 అయింది. మన పిల్లాడు పదకొండేళ్లు తిరిగి ఏడేళ్ల సరుకు తెచ్చుకుంటున్నాడన్నమాట. పదో తరగతి చదివినా బ్యాంకు ఫారం నింపడానికి పక్కవాణ్ణి అడిగే కుర్రాళ్లు మన బస్తీల్లో ఎందుకున్నారో ఇందులో తెలుస్తుంది.

తండ్రి నుంచి కొడుక్కి ఎంత పెరిగింది

ఇన్ని లోపాలున్నా ఈ అంకెను పక్కన పడేయలేం. ఒక దేశంలో రెండు తరాలను, అబ్బాయిలను అమ్మాయిలను పక్కపక్కన పెట్టి చూడటానికి ఇది బాగా పనికొస్తుంది.

అదే 2020 నివేదికలో భారత్ లెక్క చూడండి. 25 దాటిన మగవాళ్లు సగటున చదివింది 8.7 ఏళ్లు, ఆడవాళ్లు 5.4 ఏళ్లు. పిల్లల దగ్గరికి వస్తే అబ్బాయిలకు 11.7, అమ్మాయిలకు 12.6. తల్లి నుంచి కూతురికి 7.2 ఏళ్లు పెరిగింది. తండ్రి నుంచి కొడుక్కి పెరిగింది 3 ఏళ్లు. అమ్మాయిల చదువు పెరగడం సంతోషించాల్సిన సంగతి. వాళ్లు అబ్బాయిల వాటా ఏమీ లాక్కోలేదు, బళ్లలో సీట్లు ఇద్దరికీ ఉన్నాయి. అడగాల్సింది అబ్బాయి ఎందుకు నెమ్మదించాడని.

2025 నివేదికలో అబ్బాయిలు, అమ్మాయిలు కలిపి భారత్ అంకె 13 ఏళ్లకు చేరింది. 1990లో అది 8.2. పెద్దవాళ్ల సగటు ఇంకా 6.9 దగ్గరే ఉంది. ముప్పై ఏళ్లలో దాదాపు ఐదేళ్లు పెరగడం చిన్న సంగతి కాదు. అయితే ఈ పెరుగుదలలో ఎక్కువ భాగం పిల్లల్ని బడి గేటు దాకా తేవడంలో వచ్చింది. ఆ పని దాదాపు అయిపోయింది. మిగిలింది తొమ్మిది నుంచి డిగ్రీ దాకా నిలబెట్టడం, అది కష్టమైన పని.

అబ్బాయిలు జారిపోవడం మన ఒక్క దేశం గొడవ కాదు. యునెస్కో 2022లో అబ్బాయిల మీదే ప్రత్యేకంగా ఒక నివేదిక ఇచ్చింది. బడి బయట ఉన్న పిల్లల్లో 13 కోట్ల 20 లక్షల మంది అబ్బాయిలేనని, ప్రపంచం మొత్తం మీద కాలేజీల్లో 100 మంది అమ్మాయిలకు 88 మంది అబ్బాయిలే ఉన్నారని అందులో ఉంది. ధనిక దేశం నార్వేలోనూ అమ్మాయిలకు 18.9, అబ్బాయిలకు 17.4. కాకపోతే నార్వేలో వెనకబడినా అబ్బాయి పదిహేడేళ్లు చదువుతాడు. నైజర్‌లో అబ్బాయిలే ముందున్నారు, అయినా వాళ్లకు దక్కేది ఏడేళ్ల చదువే. ఎవరు ముందున్నారన్నది ఒకటి, ఎంత దూరం వెళ్లారన్నది ఇంకొకటి.

పొరుగు దేశాలు ఏం చేశాయి

శ్రీలంక ఎందుకు పైన ఉంది? అక్కడ 1945 నుంచి బడి మొదలు యూనివర్సిటీ దాకా ఫీజు లేని చదువు. అప్పటి విద్యామంత్రి కన్నంగర పేరు అక్కడ ఇప్పటికీ ఇళ్లలో వినబడుతుంది. 1980 నుంచి పాఠ్యపుస్తకాలు, 1993 నుంచి యూనిఫాం గుడ్డ ఉచితం. నిర్బంధ చదువు వయసును 14 నుంచి 16కి పెంచారు. అక్కడా అమ్మాయిలే కొంచెం ముందు, 14.5 ఏళ్లు. అయినా అబ్బాయి పన్నెండేళ్లు దాటి ఇంకా చదువుతున్నాడు.

బంగ్లాదేశ్ పాఠం వేరు. 1994 నుంచి అక్కడ హైస్కూలు అమ్మాయిలకు దేశమంతా స్టైపెండు ఇచ్చారు, ఫీజు తీసేశారు. షరతులు మూడే: హాజరు ఉండాలి, మార్కులు రావాలి, పదో తరగతి పరీక్ష దాకా పెళ్లి కాకూడదు. అమ్మాయిలు హైస్కూళ్లలో అబ్బాయిలను దాటేశారు. డబ్బు ఎటు పెడితే చదువు అటు కదిలింది. పేద అబ్బాయిలకు అలాంటి సాయం చాలా ఏళ్ల తర్వాత గానీ రాలేదు. ఆలోగా వాళ్లు గార్మెంటు కార్ఖానాలకు, పొలాలకు, విదేశాలకు పోయారు.

పాకిస్తాన్ రాజ్యాంగంలో 2010లో చేర్చిన 25-ఎ అధికరణ 5 నుంచి 16 ఏళ్ల దాకా ఉచిత నిర్బంధ విద్య అంటుంది. కాగితం మీద అది మన చట్టం కంటే రెండేళ్లు ఎక్కువ. అంకె మాత్రం 8.9. వయసు రాసుకుంటే చాలదని దీన్ని మించిన సాక్ష్యం ఇంకేం కావాలి?

మన దగ్గర 14 ఏళ్ల గీత

మన విద్యాహక్కు చట్టం 2009లో వచ్చి 2010 ఏప్రిల్ 1 నుంచి అమలైంది. అది 6 నుంచి 14 ఏళ్లకే, అంటే ఎనిమిదో తరగతి దాకా. బాలకార్మిక చట్టాన్ని 2016లో సవరించారు. 14 లోపు పిల్లల్ని పనిలో పెట్టుకోవడం నేరం, బడి వేళల తర్వాత సొంత ఇంటి వ్యాపారంలో సాయానికి మాత్రం మినహాయింపు. 14 నుంచి 18 దాకా ప్రమాదకరమైన పనుల్లోనే నిషేధం. రెండు చట్టాలూ ఒకే గీత దగ్గర ఆగుతాయి. 14 నిండిన రోజున పిల్లాడికి బడిలో హక్కు పోతుంది, చాలా పనుల్లో తలుపు తెరుచుకుంటుంది. 2020 జాతీయ విద్యా విధానం 18 ఏళ్ల దాకా చదువు అందాలంటుంది, కానీ విధానం హక్కు కాదు.

అంకెలూ అదే చోట పడుతున్నాయి. 2021-22లో కేంద్ర విద్యాశాఖ లెక్కల ప్రకారం తొమ్మిది, పది తరగతుల్లో మానేసినవాళ్లు దేశంలో నూటికి 12.6. అబ్బాయిలు 13.0, అమ్మాయిలు 12.3.

పాతబస్తీలోనో, నిజామాబాద్, కర్నూలు బస్తీల్లోనో ఈ 13 శాతం ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. తొమ్మిదిలో ఒక సబ్జెక్టు పోతుంది, లేదా ఇంట్లో అబ్బాకు బాగుండదు. వేసవి సెలవుల్లో 'ఖాళీగా ఉండటం ఎందుకు' అని మామూ మెకానిక్ షెడ్డులో పెడతాడు. జూన్‌లో బడి తెరుస్తారు, పిల్లాడు షెడ్డులోనే ఉంటాడు. మొదట్లో చేతికి వచ్చేది టీ ఖర్చులు, పండక్కి బట్టలు. ఉస్తాద్ అయ్యేసరికి ఐదారేళ్లు. అదే ఇంట్లో అక్క ఇంటర్ పూర్తి చేసి డిగ్రీలో చేరుతుంది, ఆమెకు రోజుకూలీ ఎవరూ ఇవ్వరు కాబట్టి. తర్వాత సంబంధాల దగ్గర ఈ తేడా బయటపడుతుంది. డిగ్రీ చదివిన అమ్మాయికి పది ఫెయిలైన అబ్బాయి. ఈ మాట ఇప్పుడు ప్రతి పెళ్లిచూపుల ఇంట్లో వినబడుతోంది.

ఇంకా కిందికి వెళ్తే ఇంకా చేదు. 2015 జనవరిలో పాతబస్తీ గాజుల కార్ఖానాల నుంచి పోలీసులు రెండు వందల మంది దాకా పిల్లల్ని బయటికి తెచ్చారు. ఎక్కువమంది బీహార్ అబ్బాయిలు, వాళ్లలో 14 లోపు వాళ్లు ఎందరో.

సచార్ కమిటీ 2006లో ఒక సంగతి తేల్చింది. 7 నుంచి 16 ఏళ్ల ముస్లిం పిల్లలు సగటున బడిలో గడిపింది 3 ఏళ్ల 4 నెలలు, దేశ సగటు 4 ఏళ్లు. 6-14 వయసులో నలుగురిలో ఒకరు బడి మొహం చూడనివాళ్లో, మధ్యలో మానేసినవాళ్లో. మదర్సాలకే పోతారన్న ప్రచారాన్ని కూడా అదే నివేదిక తోసేసింది, బడి వయసు పిల్లల్లో మదర్సాల్లో ఉన్నది 3 శాతం దగ్గరే. మదర్సాకు పోని పిల్లాడు బళ్లోనూ లేకపోతే ఉన్నది పనిలోనే. హిఫ్జ్ కోసం రెండు మూడేళ్లు బడి ఆపే కుటుంబాలు మనలో ఉన్నాయి. తిరిగి ఏ తరగతిలో చేర్చాలన్నదే అక్కడ సమస్య. బీదర్‌లోని షాహీన్ విద్యాసంస్థలు హాఫిజ్‌లను మళ్లీ బడి చదువుకు తెచ్చే కోర్సు నడుపుతున్నది అందుకే.

కాలేజీలకు వస్తే, 2020-21 ఉన్నత విద్యా సర్వేలో ముస్లిం విద్యార్థులు 19 లక్షల పైచిలుకు, అందులో సగం మంది అమ్మాయిలు. మొత్తం విద్యార్థుల్లో ముస్లింల వాటా 4.6 శాతం. జనాభాలో 14 శాతం ఉన్నవాళ్లకు ఇది. మన దగ్గర 2007 నుంచి బీసీ-ఇ కింద 4 శాతం కోటా ఉంది, ఫీజు రీయింబర్స్‌మెంటు ఉంది, బకాయిల గొడవ ఎప్పుడూ ఉండేదే. తెలంగాణలో 2016లో మొదలైన మైనారిటీ గురుకులాలు 204కి చేరాయి, తర్వాత ఇంటర్ కూడా పెట్టారు. ఇవి పట్టుకునేది ఐదో తరగతిలో చేరినవాణ్ణి. తొమ్మిదిలో జారిపోయినవాడికి ఇక్కడ చోటు దొరకడం కష్టం. పైగా కేంద్రం 2022-23 నుంచి ఒకటి నుంచి ఎనిమిది దాకా మైనారిటీ ప్రీమెట్రిక్ స్కాలర్‌షిప్ ఆపేసింది, చట్టం ప్రకారం ఆ తరగతుల చదువు ఎలాగూ ఉచితమేనని.

మధ్యలో మానేసినవాడికి ఉన్న దారులు

షెడ్డులో ఉన్న పిల్లాడు మళ్లీ చదవాలంటే రోజూ బడికి వెళ్లక్కర్లేని దారులు ఉన్నాయి, తెలిసినవాళ్లు తక్కువ. ఎనిమిది పాసైతే ఐటీఐలో వెల్డర్, వైర్‌మ్యాన్ లాంటి ట్రేడులు తీసుకోవచ్చు. ఫిట్టర్, ఎలక్ట్రీషియన్‌కు పది కావాలి. పది పాసైనవాళ్లకు పాలీసెట్ రాసి పాలిటెక్నిక్‌లో చేరే వీలుంది. గచ్చిబౌలిలోని మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ యూనివర్సిటీకి సొంత పాలిటెక్నిక్, ఐటీఐ ఉన్నాయి, ఉర్దూ వచ్చి ఉండాలి.

పది కూడా లేనివాళ్లకు ఓపెన్ స్కూల్. 14 నిండితే పదో తరగతికి, పది పాసై 15 నిండితే ఇంటర్‌కు నమోదు చేసుకోవచ్చు. రెండు తెలుగు రాష్ట్రాలకూ సొంత ఓపెన్ స్కూల్ సొసైటీలు ఉన్నాయి. జాతీయ ఓపెన్ స్కూల్‌లో పదో తరగతి తెలుగులోనూ ఉర్దూలోనూ రాయొచ్చు. ఒకసారి కట్టిన నమోదు ఐదేళ్లు చెల్లుతుంది, ఆ ఐదేళ్లలో తొమ్మిది సార్లు పరీక్షకు కూర్చోవచ్చు, పాసైన సబ్జెక్టు మళ్లీ రాయక్కర్లేదు. నమోదు చేయించేటప్పుడు పుట్టిన తేదీ కాగితం, ఆధార్‌లో పేరు ఒకేలా ఉన్నాయో లేదో ముందే చూసుకోవాలి. అక్షరం తేడా ఉన్నా దరఖాస్తు వెనక్కి వచ్చే అవకాశం ఉంది.